ఎన్‌ఎఫ్‌ఎస్‌డి మాడ్యూల్ దొరకనప్పుడు ముందుగా చూడవలసింది ఏ కెర్నెల్ నడుస్తోందన్నది

మీరు వివరించిన పరిస్థితిని నేను అర్థం చేసుకున్నది ఇలా: అద్దెకు తీసుకున్న ఉబుంటు 22.04 వర్చువల్ సర్వర్‌లో, నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లను పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ కోసం, ఎన్‌ఎఫ్‌ఎస్ కెర్నెల్ సర్వర్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేశారు. సర్వీసును ప్రారంభించబోతే డిపెండెన్సీ ఫెయిలైందని, అంటే అది ఆధారపడిన మరో భాగం విఫలమైందని, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ చెబుతోంది. మాడ్యూళ్లను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌కు విడిగా జతచేసే కోడ్ ముక్కలను, లోడ్ చేసే మోడ్‌ప్రోబ్‌తో ఎన్‌ఎఫ్‌ఎస్‌డి అనే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ మాడ్యూల్‌ను స్వయంగా లోడ్ చేయబోతే, అది /లిబ్/మాడ్యూల్స్ కింద దొరకలేదని ఫేటల్ ఎర్రర్ వస్తోంది. ప్యాకేజీని పూర్తిగా తొలగించి మళ్లీ వేసినా మార్పు లేదు. ఆఫీసులో ఉన్న మరో ఉబుంటు యంత్రంలో ఆ మాడ్యూల్ ఫైలు కనిపించింది కాబట్టి దానిని తెచ్చి ఇక్కడ పెట్టవచ్చా అని అడిగారు.

దయచేసి అలా పెట్టవద్దు. అందుకు కారణం తరువాత చెబుతాను. అంతకన్నా ముందు, ప్యాకేజీని ఎన్నిసార్లు తీసి వేసినా ఈ ఎర్రర్ ఎందుకు మారదో తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే అది తెలిస్తే మిగిలిన పనిలో సగం అయినట్టే.

ఎన్‌ఎఫ్‌ఎస్ కెర్నెల్ సర్వర్ అనే ప్యాకేజీ పేరులో కెర్నెల్ అనే మాట ఉన్నా, ఆ ప్యాకేజీలో కెర్నెల్‌కు సంబంధించిన కోడ్ ఏమీ ఉండదు. అందులో ఉండేవి ఆర్‌పీసీ ఎన్‌ఎఫ్‌ఎస్‌డి, ఆర్‌పీసీ మౌంట్‌డి, ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ వంటి యూజర్ స్పేస్ (కెర్నెల్ బయట నడిచే) సాధనాలు, సర్వీసు యూనిట్ ఫైళ్లు, కాన్ఫిగరేషన్ ఫైళ్లు మాత్రమే. 1999లో వచ్చిన లినక్స్ 2.2 నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ కెర్నెల్ లోపలే ఉంది. క్లయింట్ పంపిన అభ్యర్థనను అందుకొని, ఫైలును చదివి, జవాబు పంపేది కెర్నెల్ థ్రెడ్లే. ఆర్‌పీసీ ఎన్‌ఎఫ్‌ఎస్‌డి అనే ప్రోగ్రాం ఎన్ని థ్రెడ్లు నడపాలో, ఏ పోర్టులో వినాలో, ఏ వెర్షన్లను అనుమతించాలో కెర్నెల్‌కు చెప్పి ముగిసిపోతుంది. కాబట్టి మీరు మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినది లోపం లేని భాగాన్నే. విండోస్ తరహా షేర్లను పంచే సాంబా సర్వర్‌ను నడిపిన అనుభవంతో వచ్చేవారు ఇక్కడే తడబడతారు, ఎందుకంటే సాంబా సర్వర్ పూర్తిగా యూజర్ స్పేస్‌లో నడిచే ప్రోగ్రాం. దానికి ప్యాకేజీ ఉంటే చాలు, ఎన్‌ఎఫ్‌ఎస్‌కు మాత్రం ప్యాకేజీతో పాటు కెర్నెల్ సహకారం కూడా కావాలి.

డిపెండెన్సీ ఎర్రర్ వెనుక ఉన్న వరుస కూడా చూడండి. ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ సర్వీసు ప్రారంభం కావాలంటే ముందుగా /ప్రోక్/ఎఫ్‌ఎస్/ఎన్‌ఎఫ్‌ఎస్‌డి అనే చోట ఎన్‌ఎఫ్‌ఎస్‌డి అనే ప్రత్యేక ఫైల్‌సిస్టమ్ మౌంట్ కావాలి (అంటే ఆ డైరెక్టరీకి జతపడాలి), ఆ పనికి సిస్టమ్‌డీలో విడిగా ఒక మౌంట్ యూనిట్ ఉంది. ఆ మౌంట్ అడిగినప్పుడు కెర్నెల్ తనకు ఆ ఫైల్‌సిస్టమ్ తెలియకపోతే మోడ్‌ప్రోబ్‌ను పిలిచి మాడ్యూల్‌ను తెప్పించుకుంటుంది. మాడ్యూల్ లేకపోతే ఎన్‌ఎఫ్‌ఎస్‌డి అనే ఫైల్‌సిస్టమ్ రకం తెలియదని మౌంట్ విఫలమవుతుంది, దానిపై ఆధారపడిన సర్వీసు అసలు మొదలుకాకుండానే ఆగిపోతుంది. అందుకే సర్వీసు లాగ్‌లో మీకు ఉపయోగపడే సమాచారం దాదాపు ఏమీ కనబడదు. లాగ్‌లను చూపే జర్నల్‌సీటీఎల్‌తో ఆ మౌంట్ యూనిట్ లాగ్‌ను చూస్తే అసలు మాట అక్కడ ఉంటుంది.

ఇక పరీక్షకు వద్దాం. నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ పేరును చూపే యూనేమ్ -ఆర్ అని కొట్టి వచ్చిన జవాబును రాసుకోండి. తరువాత /లిబ్/మాడ్యూల్స్ డైరెక్టరీలో ఏయే ఉప డైరెక్టరీలు ఉన్నాయో చూడండి. మోడ్‌ప్రోబ్ వెతికేది యూనేమ్ చెప్పిన పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోలే డైరెక్టరీలో మాత్రమే, పక్కనే వేరే వెర్షన్ పేరుతో మరో డైరెక్టరీ ఉండి అందులో ఎన్‌ఎఫ్‌ఎస్‌డి నిక్షేపంగా ఉన్నా దాని వైపు చూడదు. దీంతోపాటు సిస్టమ్‌డీ డిటెక్ట్ వర్ట్ అనే కమాండును కూడా నడపండి. అది కేవీఎం అని చెబితే మీది సొంత కెర్నెల్ ఉన్న వర్చువల్ యంత్రం. ఎల్‌ఎక్స్‌సీ, ఓపెన్‌వీజెడ్, డాకర్ వంటి పేరు చెబితే మీది కంటైనర్, దానికి సొంత కెర్నెల్ ఉండదు, తనను నడిపే హోస్ట్ యంత్రం కెర్నెల్‌నే వాడుకుంటుంది.

కంటైనర్ అయిన పక్షంలో ఇక లోపల ఏ ప్యాకేజీ వేసినా ప్రయోజనం లేదని స్పష్టంగా చెప్పాలి. యూనేమ్ చూపించేది హోస్ట్ కెర్నెల్ పేరు, మాడ్యూల్ లోడ్ కావలసింది హోస్ట్‌లో, లోడ్ చేసే అధికారం హోస్ట్ నిర్వాహకులది. హోస్ట్ మీదే అయితే, ఉదాహరణకు వర్చువల్ యంత్రాలనూ కంటైనర్లనూ నడిపే మీ ప్రాక్స్‌మాక్స్ యంత్రంలో మీరే సృష్టించిన ఎల్‌ఎక్స్‌సీ కంటైనర్ అయితే, హోస్ట్‌లో మాడ్యూల్‌ను లోడ్ చేసినా అన్‌ప్రివిలేజ్డ్ (హోస్ట్‌పై రూట్ అధికారం లేని) కంటైనర్‌లో కెర్నెల్ ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ నడవదు. ప్రివిలేజ్డ్ కంటైనర్‌లో నడిపించే ఏర్పాట్లు ఉన్నాయి కానీ, ఒక ఫైల్ సర్వర్ కోసం కంటైనర్‌కు అంత అధికారం ఇవ్వడం నాకు సమ్మతం కాదు. అటువంటి చోట ఫైల్ సర్వర్‌ను పూర్తి వర్చువల్ యంత్రంగా మార్చమనే నేను చెబుతాను. కంటైనర్ కేవలం ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్‌గా ఉండాలనుకుంటే ఆ షేర్‌ను హోస్ట్‌లో మౌంట్ చేసి, ఆ డైరెక్టరీని బైండ్ మౌంట్‌గా కంటైనర్‌లోకి ఇవ్వడం అన్నిటికన్నా శుభ్రమైన మార్గం.

వర్చువల్ యంత్రం అయివుండి, యూనేమ్ చెప్పిన పేరుతో /లిబ్/మాడ్యూల్స్‌లో డైరెక్టరీయే లేకపోతే, నడుస్తున్న కెర్నెల్‌కూ డిస్కులో ఉన్న మాడ్యూళ్లకూ పొత్తు కుదరలేదని అర్థం. ఇది కొన్ని రకాలుగా జరుగుతుంది. కెర్నెల్ అప్‌డేట్ తరువాత రీబూట్ చేయకపోవడం వాటిలో తేలికైనది. ఆర్చ్ లినక్స్‌లో ప్యాక్‌మ్యాన్ కొత్త కెర్నెల్ వేసేటప్పుడు పాత మాడ్యూళ్లను తొలగిస్తుంది కాబట్టి, అప్పటికే లోడ్ అయివున్నవి తప్ప కొత్తగా ఏ మాడ్యూలూ రీబూట్ వరకు దొరకదు. ఉబుంటులో నడుస్తున్న కెర్నెల్‌ను సాధారణంగా తొలగించరు, అయితే దానికి తిరగబడిన పరిస్థితి వస్తుంది: /బూట్ విడి పార్టిషన్‌గా ఉండి అప్‌డేట్ సమయంలో మౌంట్ కాకపోతే, కొత్త కెర్నెల్ ఇమేజ్ ఒక చోటకు చేరి, బూట్ సమయంలో కెర్నెల్‌ను లేపే గ్రబ్ మాత్రం మరో చోట ఉన్న పాత ఇమేజ్‌నే లేపుతూ ఉంటుంది. /బూట్ నిండిపోయి అప్‌డేట్ మధ్యలో ఆగిపోయినా ఇటువంటి చిక్కే వస్తుంది, అప్పుడు చోటు ఖాళీ చేసి డీప్యాకేజ్ -‌-కాన్ఫిగర్ -ఏ నడిపితే ఆగిన పని పూర్తవుతుంది.

అద్దె సర్వర్ల విషయంలో నేను ముందుగా అనుమానించేది వేరే ఉంది. కొందరు ప్రొవైడర్లు మీ డిస్కులోని కెర్నెల్‌ను కాకుండా తమ దగ్గర ఉన్న కెర్నెల్‌ను వర్చువల్ యంత్రాలను నడిపే హైపర్‌వైజర్ నుంచి నేరుగా లేపుతారు. అప్పుడు మీరు ప్యాకేజీలు వేసే ఏపీటీ ద్వారా ఏ కెర్నెల్ వేసినా అది డిస్కు మీద పడి ఉంటుందే తప్ప ఎన్నడూ నడవదు, మీ గ్రబ్ కాన్ఫిగరేషన్‌ను ఎవరూ చదవరు. రీబూట్ చేసిన తరువాత కూడా యూనేమ్ అదే పాత పేరు చెబుతూ, ఆ పేరుతో మీ డిస్కులో ఏ ప్యాకేజీ కూడా లేకపోతే ఈ అనుమానం బలపడుతుంది. ప్రొవైడర్ కంట్రోల్ ప్యానెల్‌లో బూట్ సెట్టింగుల కింద డిస్కులోని సొంత కెర్నెల్‌తో లేదా గ్రబ్‌తో లేవమనే ఎంపిక ఉంటే దానిని ఎంచుకొని రీబూట్ చేయండి. అటువంటి ఎంపిక కనిపించకపోతే వారి సపోర్టును అడగడమే దారి.

పేరు సరిపోలే డైరెక్టరీ ఉండి అందులో ఎన్‌ఎఫ్‌ఎస్‌డి మాత్రమే లేకపోతే, అది కెర్నెల్ రకానికి సంబంధించిన విషయం. ముందుగా నిజంగా లేదని తేల్చుకోండి. ఫైలు పేరు చివర కేఓ అని మాత్రమే ఉంటుందనుకొని వెతికితే మోసపోతారు, ఎందుకంటే అనేక డిస్ట్రిబ్యూషన్లలో మాడ్యూళ్లను కుదించి పెడతారు కాబట్టి పేరు చివర ఎక్స్‌జెడ్ లేదా జెడ్‌ఎస్‌టీ కూడా చేరుతుంది. అందువల్ల ఫైండ్ కమాండులో ఎన్‌ఎఫ్‌ఎస్‌డి పేరు తరువాత నక్షత్రం గుర్తు పెట్టి వెతకండి. ఫైలు ఉండి కూడా మోడ్‌ప్రోబ్ లేదంటే, మాడ్యూళ్ల జాబితా పాతబడిపోయిందని అర్థం, డెప్‌మాడ్ -ఏ నడిపితే ఆ జాబితా తిరిగి తయారవుతుంది.

ఫైలు నిజంగానే లేకపోతే /బూట్‌లో మీ కెర్నెల్ వెర్షన్ పేరుతో ఉన్న కాన్ఫిగ్ ఫైలును తెరిచి, కాన్ఫిగ్_ఎన్‌ఎఫ్‌ఎస్‌డి అనే వరుసను చూడండి. ఈ ఒక్క వరుస మీరు ఎటు వెళ్లాలో తేలుస్తుంది. దాని ఎదుట ఎమ్ అని ఉంటే, కెర్నెల్ తయారుచేసినవారు ఆ మాడ్యూల్‌ను తయారుచేశారు, అది మీరు ఇంకా వేయని మరో ప్యాకేజీలో ఉంది. వై అని ఉంటే అది కెర్నెల్‌లోనే కలిసిపోయి ఉంది, అప్పుడు లోడ్ అయిన మాడ్యూళ్లను చూపే ఎల్‌ఎస్‌మాడ్ జాబితాలో కనిపించకపోవడం సహజం, మోడ్‌ప్రోబ్ కూడా మౌనంగా విజయవంతమవుతుంది కాబట్టి మీ చిక్కు మరెక్కడో ఉంది. ఆ ఆప్షన్ సెట్ చేయలేదని ఉంటే, ఈ కెర్నెల్ కోసం ఎన్‌ఎఫ్‌ఎస్‌డి అనేది అసలు పుట్టలేదు, ఏ ప్యాకేజీ దానిని తెచ్చిపెట్టలేదు.

ఎమ్ అని ఉన్న పక్షంలో వెతకవలసింది ఎక్స్‌ట్రా ప్యాకేజీని. ఉబుంటు తన కెర్నెల్ మాడ్యూళ్లను లినక్స్ మాడ్యూల్స్, లినక్స్ మాడ్యూల్స్ ఎక్స్‌ట్రా అనే రెండు భాగాలుగా విడదీస్తుంది, క్లౌడ్ ఇమేజ్‌లు చిన్నవిగా ఉండాలని వాటిలో మొదటి భాగమే వేస్తారు. ఏ మాడ్యూల్ ఏ భాగంలోకి వెళుతుందన్నది కెర్నెల్ రకాన్ని బట్టి మారుతుంది. విండోస్ షేర్లను మౌంట్ చేసే సిఫ్స్ మాడ్యూల్ కోసం అజూర్ సర్వర్లలో ఎక్స్‌ట్రా ప్యాకేజీ వేయవలసి రావడం చాలామందికి తెలిసిన ఉదాహరణ. ఏపీటీ ఫైల్ అనే సాధనంతో మాడ్యూల్ ఫైలు పేరును వెతికితే అది ఏ ప్యాకేజీలో ఉందో ఊహించనవసరం లేకుండా తెలుస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది: యూనేమ్ చెప్పిన ఖచ్చితమైన వెర్షన్ సంఖ్యతో ఎక్స్‌ట్రా ప్యాకేజీని వేస్తే నేటికి పని జరుగుతుంది, కానీ తదుపరి కెర్నెల్ అప్‌డేట్‌తో పాటు కొత్త ఎక్స్‌ట్రా ప్యాకేజీ రాదు, కొన్ని వారాల తరువాత ఒక రీబూట్‌తో ఫైల్ సర్వర్ హఠాత్తుగా ఆగిపోతుంది. అందువల్ల వెర్షన్ సంఖ్య లేని, ఎప్పటికప్పుడు తాజా ప్యాకేజీని తెచ్చే మెటా ప్యాకేజీ ఉంటే దానినే వేయండి. రెడ్ హ్యాట్ కుటుంబంలో కూడా కెర్నెల్ కోర్, కెర్నెల్ మాడ్యూల్స్, కెర్నెల్ మాడ్యూల్స్ ఎక్స్‌ట్రా అనే విభజన ఉంది, అక్కడ డీఎన్‌ఎఫ్ ప్రొవైడ్స్ ఇదే పని చేస్తుంది.

సెట్ చేయలేదని ఉన్న పక్షంలో కెర్నెల్ రకాన్నే మార్చాలి. యూనేమ్ జవాబు చివర జెనరిక్ అని కాక కేవీఎం వంటి పేరు ఉంటే, అది వర్చువల్ యంత్రాల కోసం కోసి సన్నం చేసిన కెర్నెల్, చాలా డ్రైవర్లు, ఫైల్‌సిస్టమ్‌లు దానిలో ఉండవు. లినక్స్ ఇమేజ్ జెనరిక్ ప్యాకేజీని వేయడం సులువే, కానీ వేసిన తరువాత రీబూట్ చేసి చూస్తే మళ్లీ పాత కెర్నెలే నడుస్తూ ఉండటం చాలామందిని విసిగించే సంగతి. కారణం ఇది: ఉబుంటు ప్రత్యేక కెర్నెళ్లకు వెర్షన్‌లో 1000కి పైబడిన సంఖ్యలు ఇస్తుంది. 5.15.0-1050-కేవీఎం, 5.15.0-105-జెనరిక్ అనే రెండు పేర్లు పక్కపక్కన ఉంటే, 105 కన్నా 1050 పెద్దది కాబట్టి గ్రబ్ కేవీఎం కెర్నెల్‌నే కొత్తదిగా భావించి దానినే లేపుతుంది. కాబట్టి గ్రబ్‌లో జెనరిక్ కెర్నెల్‌ను డిఫాల్ట్‌గా నిర్ణయించి అప్‌డేట్ గ్రబ్ నడపాలి, లేదా జెనరిక్ సక్రమంగా లేస్తోందని తేలిన తరువాత కేవీఎం మెటా ప్యాకేజీతో సహా ఆ కెర్నెళ్లను తొలగించాలి. ఈ మార్పుకు ముందు స్నాప్‌షాట్ తీసుకోండి, ప్రొవైడర్ ఇచ్చే వెబ్ కన్సోల్ పనిచేస్తోందో లేదో చూసుకోండి. దూరాన ఉన్న యంత్రం లేవకపోతే ఎస్‌ఎస్‌హెచ్ మీకు ఏ సహాయమూ చేయదు.

ఇప్పుడు మీరు అడిగిన కాపీ విషయం. మాడ్యూల్ అనేది విడిగా నడిచే ప్రోగ్రాం కాదు. అది కెర్నెల్ లోపలి డేటా నిర్మాణాలను, ఫంక్షన్లను నేరుగా వాడుకునే కోడ్, ఆ నిర్మాణాల అమరిక కెర్నెల్ వెర్షన్‌ను బట్టే కాక కాన్ఫిగ్ ఆప్షన్లను బట్టి కూడా మారుతుంది. అందుకే ప్రతి మాడ్యూల్‌లోనూ వెర్‌మ్యాజిక్ అనే గుర్తు ఉంటుంది, అది నడుస్తున్న కెర్నెల్‌తో సరిపోలకపోతే ఫార్మాట్ చెల్లదని కెర్నెల్ తిరస్కరిస్తుంది. బలవంతంగా లోడ్ చేయించే ఆప్షన్ మోడ్‌ప్రోబ్‌లో ఉంది, ఉందికదా అని వాడవద్దు. ఒక ఫైల్ సర్వర్‌లో, అదీ డిస్కులోని డేటాను రాసే భాగంలో, తప్పు అమరికతో ఉన్న కోడ్‌ను నడపడం అంటే మీ వినియోగదారుల ఫైళ్లను పణంగా పెట్టడమే. పైగా ఎన్‌ఎఫ్‌ఎస్‌డి ఒంటరిగా రాదు. దానికి సన్‌ఆర్‌పీసీ, లాక్‌డీ, గ్రేస్, ఎన్‌ఎఫ్‌ఎస్_ఏసీఎల్, ఆథ్_ఆర్‌పీసీజీఎస్‌ఎస్ అనే మాడ్యూళ్లు కావాలి, కొన్ని అవసరాలు కెర్నెల్ ఇమేజ్‌లోనే కలిసి ఉండాలి తప్ప మాడ్యూల్‌గా చేర్చడం కుదరదు. సొంతంగా కంపైల్ చేసుకోవాలనుకునేవారు కూడా ఇదే కారణంతో ఒక్క మాడ్యూల్‌ను కాక, కాన్ఫిగ్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్‌డిని, ఎన్‌ఎఫ్‌ఎస్‌డి_వీ4ను ఎంచుకొని మొత్తం కెర్నెల్‌ను తయారుచేసుకోవడం మేలు.

ఫైలు ఉండి, డెప్‌మాడ్ సరిగా ఉండి, అయినా మాడ్యూల్ లోడ్ కాని సందర్భాలు కూడా కొన్ని ఉన్నాయి. భద్రతా నియమాల ప్రకారం సర్వర్‌ను కట్టుదిట్టం చేసిన చోట, /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీ కింద ఎన్‌ఎఫ్‌ఎస్‌డికి బదులుగా బిన్ ఫాల్స్ లేదా బిన్ ట్రూ (ఏ పనీ చేయకుండా వరుసగా వైఫల్యం, విజయం అని మాత్రమే చెప్పే ప్రోగ్రాములు) నడపమని ఇన్‌స్టాల్ వరుస రాసి ఉంచుతారు. బిన్ ట్రూ అని రాసి ఉంటే మోడ్‌ప్రోబ్ ఏ ఎర్రరూ ఇవ్వకుండా ముగుస్తుంది, కానీ మాడ్యూల్ లోడ్ కాదు, ఇది మనిషిని చాలాసేపు తిప్పుతుంది. మోడ్‌ప్రోబ్‌ను -ఎన్ -వి ఆప్షన్లతో నడిపితే అది ఏం చేయబోతోందో చూపిస్తుంది. బ్లాక్‌లిస్ట్ అనే వరుస మాత్రం తనంతట తాను లోడ్ కావడాన్నే ఆపుతుంది, పేరు పెట్టి అడిగితే లోడ్ అవుతుంది. కెర్నెల్.మాడ్యూల్స్_డిజేబుల్డ్ అనే సిస్‌సీటీఎల్ విలువ 1 అయితే రీబూట్ చేసేవరకు ఏ మాడ్యూలూ లోడ్ కాదు. సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఉన్న యంత్రంలో సంతకం లేని మాడ్యూల్‌ను కీ సరిపోలేదంటూ కెర్నెల్ నిరాకరిస్తుంది, అది సొంతంగా తయారుచేసుకున్న మాడ్యూళ్లతోనే ఎదురవుతుంది.

కెర్నెల్ మీ చేతిలో లేదని, ప్రొవైడర్ కూడా మార్చరని తేలితే యూజర్ స్పేస్ సర్వర్ వైపు చూడవచ్చు. ఎన్‌ఎఫ్‌ఎస్ గణేశ వెర్షన్ 3నూ, 4 శ్రేణినీ ఎన్‌ఎఫ్‌ఎస్‌డి మాడ్యూల్ లేకుండానే అందిస్తుంది, సొంత కెర్నెల్ ఉన్న యంత్రంలో అది గట్టి ప్రత్యామ్నాయం. అయితే స్థానిక డిస్కును పంచే దాని వీఎఫ్‌ఎస్ బ్యాకెండ్ ఫైల్ హ్యాండిళ్లతో ఫైళ్లను తెరిచే ప్రత్యేక అధికారం కోరుతుంది కాబట్టి అన్‌ప్రివిలేజ్డ్ కంటైనర్‌లో సాధారణంగా పనిచేయదు. యూఎన్‌ఎఫ్‌ఎస్3 అంతకన్నా తేలికైనది, వెర్షన్ 3కే పరిమితం. ఇద్దరు ముగ్గురు మాత్రమే వాడుకునే డైరెక్టరీ అయితే సర్వర్ వైపు ఎస్‌ఎస్‌హెచ్ తప్ప మరేమీ అడగని ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ సరిపోతుంది.

క్లయింట్ యంత్రాల విషయం క్లుప్తంగా చెబుతాను. అక్కడ కావలసింది ఎన్‌ఎఫ్‌ఎస్, దానితో పాటు ఎన్‌ఎఫ్‌ఎస్‌వీ3 లేదా ఎన్‌ఎఫ్‌ఎస్‌వీ4 అనే మాడ్యూళ్లు. మౌంట్ చేయబోతే సహాయక ప్రోగ్రాం కావాలేమో అనే సూచనతో రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్ అని వస్తే అది సాధారణంగా మాడ్యూల్ లోపం కాదు, ఎన్‌ఎఫ్‌ఎస్ కామన్ ప్యాకేజీ వేయలేదని అర్థం. నో సచ్ డివైస్ అని వస్తే మాత్రం మాడ్యూల్ వైపే చూడండి.

సరైన కెర్నెల్ లేచిన తరువాత మోడ్‌ప్రోబ్ ఎన్‌ఎఫ్‌ఎస్‌డి నడిపి, /ప్రోక్/ఫైల్‌సిస్టమ్స్ ఫైలులో ఎన్‌ఎఫ్‌ఎస్‌డి అనే పేరు వచ్చిందో లేదో చూడండి. మాడ్యూల్‌గా ఉన్నా, కెర్నెల్‌లో కలిసి ఉన్నా నమ్మదగిన సాక్ష్యం అదే. తరువాత సర్వీసును ప్రారంభించి, పంచే డైరెక్టరీల జాబితాను మళ్లీ చదివించే ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ -ఆర్‌ఏ నడిపి, ఎస్‌ఎస్ కమాండుతో 2049 పోర్టులో సర్వర్ వింటోందని తేల్చుకోండి. ఈ దశలో ఏదైనా డైరెక్టరీ ఎన్‌ఎఫ్‌ఎస్ ఎక్స్‌పోర్ట్‌ను సపోర్ట్ చేయదని ఎర్రర్ వస్తే అది మాడ్యూల్ సంగతి కాదు, ఆ డైరెక్టరీ ఓవర్‌లేఎఫ్‌ఎస్ వంటి ఫైల్‌సిస్టమ్ మీద ఉందేమో చూసి, ఎక్స్‌టీ4 లేదా ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఉన్న చోటుకు మార్చండి. మాడ్యూల్‌ను బూట్ సమయంలో లోడ్ చేయమని /ఈటీసీ/మాడ్యూల్స్-లోడ్.డీ లో విడిగా రాయవలసిన అవసరం సాధారణంగా ఉండదు, మౌంట్ యూనిట్ అడిగినప్పుడు అదే వస్తుంది. చివరగా, క్లయింట్లను కలపకముందే, కన్సోల్ మీ ఎదుట తెరిచి ఉండగానే సర్వర్‌ను మరొకసారి రీబూట్ చేసి, యూనేమ్ కొత్త కెర్నెల్ పేరే చెబుతోందనీ సర్వీసు తనంతట తానే లేచిందనీ చూసుకున్న తరువాతే షేర్‌ను వినియోగంలోకి తీసుకోండి.